ఎర్రసొన గుడ్ల షెడ్డు

కోళ్ళ జబ్బుల ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయిలిద్దరు ఈమధ్య చీరాలలో మా ఇంటికి వచ్చి, "మేడమ్, మీ సర్వీసు గురించి రాయండి, మాకు పనికొస్తుంది" అన్నారు. సర్వీసు అంటే ఎక్కడ చేరాను, ఎక్కడికి బదిలీ అయ్యాను, ఏ కుర్చీలో రిటైరయ్యాను అనేనా? అవన్నీ పెన్షన్ కాగితాల్లో ఉన్నాయి. చదివితే నాకే ఆవలింతలు వస్తాయి. నేను పని గురించి రాస్తాను. ముందే చెప్తున్నాను, కాస్త గొప్పలు కూడా చెప్పుకుంటాను. చేసిన పనికి గర్వపడడానికి నాకు మొహమాటమేమీ లేదు.

గుడ్లు పెట్టే కోళ్ళ ఫారాల్లో సాల్మొనెల్లా అనే క్రిమిని వెతకడం నా పని. దీనితో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఇది పట్టిన పెట్ట చాలాసార్లు జబ్బుగా కనిపించదు. సుబ్బరంగా మేత తింటుంది, నిగనిగలాడుతూ ఉంటుంది, గుడ్డు పెడుతుంది. పెంకు ఏర్పడక ముందే క్రిమి గుడ్డు లోపలికి చేరిపోతుంది కాబట్టి పైన ఎంత కడిగినా లాభం లేదు. బాగా ఉడికిస్తే చస్తుంది. పచ్చిగానో సగం ఉడికించో తింటే జ్వరం, వాంతులు, విరేచనాలు. పసిపిల్లలకూ ముసలివాళ్ళకూ ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే ఈ పనిలో కోడిని చూసి మోసపోకూడదు. నేను మోసపోలేదు. ఎందుకు మోసపోలేదో చెప్పడానికి ఒక్క కేసు చాలు.

ముందు గుడ్డును అడుగు

నాకు పని నేర్పింది మా ల్యాబు పెద్ద హైమావతి మేడమ్. మనిషి పొట్టి. గొంతు ఎత్తిందంటే మాత్రం వరండాలో టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు కింద పెట్టేసేవాళ్ళు. ఏ ఫారానికి వెళ్ళినా రైతును ఏమీ అడగకుండా ముందు ఒక గుడ్డు తెమ్మని, స్టీలు పళ్ళెంలో పగలగొట్టి చూసేది. సొన రంగు, తెల్లసొన చిక్కదనం, వాసన. ఆ తర్వాతే మాటలు.

"రైతు అబద్ధమాడడమ్మా. మనమడిగే ప్రశ్నే ఆయనకి వేరేలా అర్థమవుతుంది. అందుకని ముందు గుడ్డును అడుగు" అనేది.

రెండో అలవాటు నా సొంతం. షెడ్డులో క్రిమి ఉందో లేదో తెలియాలంటే శుభ్రమైన బూట్లకు పల్చటి గుడ్డ తొడిగి, తడిపి, షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. నేల మీదున్న దుమ్మూ పెంటా ఆ గుడ్డకు అంటుకుంటాయి. దాన్ని తెచ్చి, క్రిమి పెరగడానికి ఇష్టపడే ద్రవంలో నానబెట్టి, ఆ ద్రవాన్ని ఎర్రటి జెల్లీ పోసిన ప్లేటు మీద గీస్తాం. నల్ల చుక్కలు మొలిస్తే అనుమానం. ఇంకొన్ని పరీక్షల తర్వాత ఖాయం. ఆఫీసు ఇచ్చే గాజుగుడ్డ రెండు అంగలకే చిరిగిపోయేది. మా నాన్న మగ్గం నేసేవాడు. ఆయన చేత గట్టి నూలుతో పల్చగా ఒక తాను నేయించుకుని, ల్యాబులో ఆవిరి పట్టి వాడేదాన్ని.

"పట్టంచు చీరలు నేసే చేత్తో కోడిపెంట తుడిచే గుడ్డ నేయిస్తన్నావే" అని నన్ను వెక్కిరించేవాడు. పక్కింటివాళ్ళకు మాత్రం, "మా అమ్మాయి ల్యాబుకి పనిగట్టుకుని నేశా. బజార్లో దొరకదది" అని చెప్పుకునేవాడు.

పుట్టినరోజు విందు

చిలకలూరిపేటలో ఒక బేకరీ నుంచి పుట్టినరోజు విందుకు శాండ్‌విచ్‌లు తెప్పించుకున్నారు. పచ్చి గుడ్డూ నూనే కలిపి గిలక్కొట్టే తెల్లటి మయోనైజ్ వాటిలో ఉంది. మర్నాటికి పిల్లలంతా పడకేశారు. ఒక చిన్నపిల్లను అత్యవసర విభాగంలో పెట్టారు. ఆసుపత్రిలో క్రిమి బయటపడింది. గుడ్లు ఎక్కడివని ఆరా తీస్తే పర్చూరు దగ్గర ఒక ఫారం తేలింది.

ఆ ఫారం రత్నకుమారి, ఏసుబాబు అనే భార్యాభర్తలది. ఆవిడ పాస్టరు గారి కూతురు, పెళ్ళికి ముందు బడిలో పాఠాలు చెప్పింది. ఏసుబాబు మిరప రైతు. మిరప రెండేళ్ళు వరుసగా ముంచితే కోళ్ళలోకి వచ్చాడు, అయినా మిరపను వదల్లేదు. చేను పక్కనే మూడు షెడ్లు. ఆ ఇల్లు నిలబడింది ఆ షెడ్ల మీదే. ఈ కబురు తెలియగానే గుడ్ల వ్యాపారి లారీ పంపడం ఆపేశాడు. క్రిమి ఎక్కడి నుంచి వచ్చిందో తేలకపోతే మూడు షెడ్లలోని కోళ్ళనూ చంపి పూడ్చాలని పై ఆఫీసు నుంచి మాట వచ్చింది.

నేను జీపు దిగగానే రత్నకుమారి ఎదురొచ్చింది. "డాక్టరమ్మా, మా గుడ్లు తిని ఎవురి బిడ్డో ఆసుపత్రిలో పడిందంట. ముందా బిడ్డ ఎట్టా ఉందో చెప్పండి. తర్వాత చూద్దాం కోళ్ళ సంగతి."

బిడ్డ కోలుకుంటోందని చెప్పాను. "దేవుడికి స్తోత్రం" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ క్షణమే ఆ మనిషి నాకు నచ్చింది. ఆవిడ షెడ్లను నిలబెట్టాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను. ల్యాబు మనిషికి ఇష్టాయిష్టాలు ఉండకూడదంటారు. ఉంటాయి. పరీక్ష దగ్గరికి వచ్చినప్పుడు వాటిని గుమ్మం బయట పెట్టగలిగితే చాలు.

ఏసుబాబు మాత్రం కయ్యానికి సిద్ధంగా ఉన్నాడు. "మా కాడ ఏం లేదండీ. మేం తినే గుడ్లే అమ్ముతున్నాం. మా ఇంట్లో ఎవురికన్నా కడుపు నొప్పొచ్చిందా?"

"నువ్వు గుడ్డు ఎట్లా తింటావ్ ఏసుబాబూ?"

"పులుసులో ఉడకేసుకుని."

"అదీ సంగతి. వాళ్ళు పచ్చిది తిన్నారు."

మూడు షెడ్లలోనూ వేరు వేరు బూట్లతో, వేరు వేరు గుడ్డలతో నడిచాను. మేత ఏమేం కలుపుతావని అడిగితే మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు, ఎండు చేప పొడి, ఆల్చిప్పల గుల్ల అని గడగడా చెప్పాడు. ప్రతి బస్తా నుంచీ తీసుకున్నాను. ప్రతి షెడ్డులో కోళ్ళ ముందున్న తొట్లలోంచి కూడా తీసుకున్నాను.

నేరం చేప మీద పడింది

ఫలితాలు వచ్చాయి. రోడ్డు వైపున్న మొదటి షెడ్డు గుడ్డలో క్రిమి ఉంది. మిగతా రెండు షెడ్లూ శుభ్రం. గోదాములోని బస్తాలన్నీ శుభ్రం. కానీ మొదటి షెడ్డు తొట్టిలో మేతకు క్రిమి పట్టి ఉంది. గోదాములో బాగున్న మేత తొట్టికి చేరేసరికి పాడయింది. దారిలో ఏదో కలుస్తోంది.

హైమావతి మేడమ్ ఒక్క చూపు చూసి, "చేపపొడి" అంది.

ఆవిడ అలా అనడానికి కారణం లేకపోలేదు. ఒడ్డున ఇసుకలో ఆరబోసిన చేప మీద కాకులూ కుక్కలూ తిరుగుతాయి. మా ల్యాబులో ఎన్నోసార్లు దొంగ అదే. కానీ ఎన్నోసార్లు దొంగైనంత మాత్రాన ఈసారీ దొంగ కావాలని లేదు.

"మేడమ్, అదే చేపపొడి మూడు షెడ్లకీ వేస్తున్నారు. మిగతా రెండూ శుభ్రంగా ఉన్నాయి."

"చెడ్డ బస్తా మొదటి షెడ్డుకి పోయింది. నీ చేతికి చిక్కలేదు."

"అలాగైతే ఏదైనా చేప మీద తోసేయొచ్చు."

వరండాలో గ్లాసులు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. మేడమ్ ఫలితాల కాగితం నా వైపు తోసి, "సరే, ఇంకోసారి వెళ్ళు. దొరక్కపోతే మూడు షెడ్లూ తీసేయమని నేనే రాయాల్సొస్తుంది. తప్పయితే నీ పేరు చెప్తా. ఒప్పయితే నా పేరు చెప్పుకుంటా" అంది.

ఇలాంటి బాస్ దొరికితే వదులుకోకండి. తప్పు పట్టుకుని వేలాడేవాళ్ళు చాలామంది ఉంటారు. తన మాటకు అడ్డం చెప్పినదాన్ని మళ్ళీ ఫారానికి పంపే బాస్ అరుదు.

మేత కాదు, రంగు

రెండోసారి వెళ్ళేసరికి మందులమ్మే కుర్రాడొకడు మోటారు సైకిలు మీద కూర్చుని ఏసుబాబుకు బోధ చేస్తున్నాడు. "నీళ్ళలో ఇది కలపండి బాబాయ్. వచ్చే పరీక్షలో ఏమీ దొరకదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది రాసి పెట్టుకోండి: మందు వేస్తే క్రిమి పరీక్షలో దొరక్కుండా దాక్కోగలదు, కోడిలోంచి పోయిందని నమ్మకం లేదు. మందు ఆపగానే మళ్ళీ గుడ్డులోకి వస్తుంది. పైగా ఆ మందుకి అలవాటుపడిన క్రిమి రేపు ఆసుపత్రిలో పిల్లకు మందు పనిచేయకుండా చేస్తుంది. ఇదంతా ఆ కుర్రాడికి గట్టిగానే చెప్పాను. చివరి మాట రత్నకుమారిది. "ఆ బిడ్డ సంగతి తెలిసి కూడా దాచమంటావేందయ్యా? బండి తియ్యి."

వాడు వెళ్ళాక మొదటి షెడ్డులోంచి ఒకటి, రెండో షెడ్డులోంచి ఒకటి గుడ్లు తెప్పించుకుని పళ్ళెంలో పక్కపక్కన పగలగొట్టాను. మొదటిసారే ఈ పని చేద్దామనుకుంటే, వ్యాపారి రావడం లేదని ఆరోజు గుడ్లన్నీ అప్పటికే పూడ్చేశారు. రెండో షెడ్డు సొన మామూలు పసుపు. మొదటి షెడ్డు సొన బంగినపల్లి రసం కన్నా ఎర్రగా ఉంది.

"ఇదేంది ఏసుబాబూ, ఇంత ఎరుపు?"

మొన్నటి దాకా కయ్యానికి వచ్చిన మనిషి ముఖం వెలిగిపోయింది. "బాగుంది గదండీ! బేకరీ ఆయన అడిగాడు. ఈ గుడ్డేస్తే కేకుకి రంగు కలపక్కర్లేదంట. అందుకే ఆ ఒక్క షెడ్డుకీ చేస్తన్నా."

"ఏం చేస్తున్నావ్?"

"ఏం లేదండీ. తాలుకాయ దంచి తొట్లో చల్లుతా."

తాలుకాయ అంటే ఎండలో తెల్లబారి, మచ్చలు పడి, మిరప యార్డులో ఎవరూ ముట్టుకోని కాయ. అందులో ఇంకా ఎరుపు మిగిలినవాటిని ఏరి దంచుతున్నాడు. కోడికి కారం తెలియదు, నోరు మండదు. సొనకు మాత్రం రంగు దిగుతుంది.

"మరి మేతలో ఏం కలుపుతావంటే ఇది చెప్పలేదేం?"

"మేతలో అనడిగారు గదండీ. ఇది మేత కాదు, రంగు. కూరలో పసుపేసుకుని పసుపు తిన్నామంటామా?" ఆ మనిషి నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. "అయినా కారంలో ఏ పురుగు బతుకుద్దండీ? పుండు మీద పడితే మనిషే ఎగిరి గంతేస్తాడు!"

ఏసుబాబును చూసి నవ్వకండి. గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఎవరినడిగినా ఇదే చెప్తారు. పచ్చడి ఏడాది నిలవుంటుంది కాబట్టి కారమే క్రిమిని చంపుతోందని మన నమ్మకం. పచ్చడిని కాపాడేది ఉప్పూ పులుపూ నూనే. ఎండు మిరపకాయలో సాల్మొనెల్లా పెరగదు, చావదు కూడా. నెలల తరబడి అలా పడి ఉంటుంది. తడి తగిలి, కోడి కడుపులో వెచ్చగా చోటు దొరికిందంటే లేచి కూర్చుంటుంది.

అందుకే కొత్తవాళ్ళకు చెప్తున్నాను. మేతలో ఏం కలుపుతారని అడగకండి. కోడి ముందు ఏమేం వేస్తారని అడగండి. రెండు ప్రశ్నలకూ మధ్య ఒక షెడ్డెడు కోళ్ళ ప్రాణాలున్నాయి.

కల్లం

ఏసుబాబు దోసెడు తాలుకాయలు తెచ్చి ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు. క్రిమి బస్తా అంతా సమానంగా పరుచుకుని ఉండదు, ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. బస్తాలన్నీ కుమ్మరింపించి పైనా, కిందా, అడుగున దుమ్ములోనూ విడివిడిగా తీసుకున్నాను. తర్వాత, ఇవి ఎక్కడ ఎండబెట్టారో చూపించమన్నాను.

షెడ్డు వెనకే మిరప కల్లం. మంచి కాయ పట్టాల మీద ఉంది. ఏరి పారేసిన తాలు మాత్రం పట్టా పక్కన ఉత్త నేల మీద పోసి ఉంది. వంగి చూస్తే కాయల మధ్య కోడి ఈకొకటి కనిపించింది.

"కల్లం వెయ్యకముందు ఇక్కడేముండేది?"

ఏసుబాబు గడ్డం గోక్కున్నాడు. రత్నకుమారి మాత్రం ఆ నేల వైపే చూస్తూ, ఒక్కో మాటే కూడబలుక్కుంటూ చెప్పింది. "మన షెడ్డు పెంట ఇక్కడే గదయ్యా కుప్ప పోసింది. చేలోకి తోలాక, మిగిలింది చదును చేసి, దాని మీదే అలికాం."

మా వైపు మిరపచేలకు కోళ్ళపెంట వేయడం కొత్తేమీ కాదు. నేలకు బలం. మిరప రైతు కోళ్ళు పెంచితే పెంట కోసం ఊళ్ళు తిరగక్కర్లేదని ఏసుబాబు సంతోషం కూడా అదే. కోళ్ళ పెంట నేల మీద పడింది. ఆ నేల మీద తాలు ఎండింది. ఆ తాలు కోళ్ళ తొట్లోకి వచ్చింది. మొదట ఆ క్రిమిని ఎలకలు తెచ్చాయో గువ్వలు తెచ్చాయో నాకు తెలియదు. తెలుసని చెప్పేవాళ్ళను నమ్మకండి.

రత్నకుమారి కల్లం గట్టు మీద కూలబడింది. "అంటే మా కోళ్ళ పెంట మా కోళ్ళకే తినిపించామా, డాక్టరమ్మా?"

అంత పెద్ద గొంతున్న ఏసుబాబు తల మీది తువ్వాలు తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

తాలు అడుగు దుమ్ములోంచి తీసిన వాటిలో నల్ల చుక్కలు మొలిచాయి. షెడ్డులో దొరికిన క్రిమీ ఇదీ ఒకే రకమని తేలింది. ప్లేట్లు తీసుకెళ్ళి హైమావతి మేడమ్ బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు పైకి తోసి, కిందికి దించి, చాలాసేపు చూసింది. తర్వాత పై ఆఫీసుకు ఫోన్ చేసింది. "చేప కాదండీ, మిరపకాయ. మా అమ్మాయి పట్టుకుంది." పేరు తనదే చెప్పుకుంటానన్న మనిషి! అవతలివాళ్ళు ఎందుకైనా మంచిది మూడు షెడ్లూ తీసేద్దామన్నట్టున్నారు. మేడమ్ గొంతు లేచింది. మిగతా రెండు షెడ్లకు ఈ తాలు వేయలేదని, మళ్ళీ మళ్ళీ పరీక్ష చేసి చూపిస్తామని, అందులో క్రిమి దొరికితే తానే దగ్గరుండి తీయిస్తానని చెప్పింది. మళ్ళీ పరీక్షలు చేశాం. రెండు షెడ్లూ శుభ్రంగానే ఉన్నాయి. ఉత్తర్వు ఒక్క షెడ్డుకే పరిమితమైంది.

ఖాళీ షెడ్డు

ఆ ఒక్క షెడ్డునూ ఖాళీ చేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఉండక్కర్లేదు, అయినా వెళ్ళాను. మనం చెప్పిన మాట మీద ప్రాణాలు తీస్తున్నప్పుడు మనం ఇంట్లో కూర్చోకూడదు. చూడ్డానికి ఆరోగ్యంగా, ఎర్రటి జుట్లతో ఉన్న పెట్టలు. రత్నకుమారి చివరి దాకా కదల్లేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. డాక్టర్లు ఏడవకూడదని ఎక్కడా రాయలేదు.

ఏసుబాబు తాలు బస్తాలన్నీ ఒకచోట వేసి కిరసనాయిలు డబ్బాతో వచ్చాడు. "తగలబెట్టేస్తానండీ, పీడ పోద్ది."

"ఏసుబాబూ! అన్ని మిరపకాయలు తగలబెడితే ఊరంతా దగ్గి చస్తుంది. గొయ్యి తవ్వి, సున్నం వేసి పూడ్చు."

అంత బాధలోనూ రత్నకుమారి ఫక్కున నవ్వింది. ఆ తర్వాత పని ఊపందుకుంది. కల్లాన్ని షెడ్ల నుంచి దూరంగా, ఎప్పుడూ పెంట పడని చోటికి మార్చారు. షెడ్డు గీకి, కడిగి, సున్నం కొట్టి, ఎండనిచ్చారు. ఎలకల బొరియలు మూశారు. నేను మా నాన్న గుడ్డ బూట్లకు తొడిగి ఆ ఖాళీ షెడ్డులో నడిచాను. ప్లేటు మీద ఒక్క నల్ల చుక్క మొలవలేదు. ఆ ఖాళీ ప్లేటంత అందమైనది నేను ల్యాబులో మళ్ళీ చూడలేదు.

కొత్త కోళ్ళు దిగే ముందు రత్నకుమారికి ఒక్కటే చెప్పాను. "షెడ్డు ముందు నీళ్ళూ, ఇక్కడే ఉండే చెప్పులూ పెట్టు. ఎవరొచ్చినా కాళ్ళు కడిగి అవి వేసుకుంటేనే లోపలికి. మందులవాడైనా, గుడ్ల వ్యాపారైనా."

"మీరొచ్చినా అంతేనా?" అని నవ్వింది.

"నేనొస్తే మరీ ముఖ్యం. నాలుగు ఫారాలు తిరిగొచ్చేది మేమే."

కొన్నాళ్ళకు బేకరీ ఆయన మళ్ళీ ఎర్రసొన గుడ్లు కావాలని వచ్చాడట. "రంగు నీ కేకులో కలుపుకో, నా కోళ్ళలో కాదు" అని పంపేశాడట ఏసుబాబు. ఈ సంగతి ఆయనే ఫోన్ చేసి మరీ చెప్పాడు.

గేటు దగ్గర

రిటైరయ్యాక ఒకసారి పర్చూరులో పెళ్ళికి వెళ్ళి వస్తూ, ఆ ఫారం ముందు కారు ఆపించాను. వస్తున్నానని చెప్పలేదు. గేటు దగ్గర కొత్తముఖం, ఇరవై పైన వయసున్న అమ్మాయి. రత్నకుమారి కోడలని తర్వాత తెలిసింది.

"ఎవురు కావాలండీ?"

"రత్నకుమారి గారు."

"అత్తయ్య కోళ్ళ కాడున్నారు. కూర్చోండి, పిలుస్తా."

"నేనే వెళ్తాలే అమ్మా, నాకు దారి తెలుసు."

ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. "కాళ్ళు కడిగి, ఆ చెప్పులేసుకోకుండా ఎవుర్నీ పంపమండీ."

నాకు సరదా వేసింది. "నేను డాక్టర్నమ్మా, కోళ్ళ డాక్టర్ని."

"అయితే మరీ ముఖ్యమండీ. నాలుగు ఫారాలు తిరిగొచ్చేది మీరేగా?"

లోపలి నుంచి నాకు బాగా తెలిసిన గొంతు వినిపించింది. "ఎవురే?"

"ఎవురో డాక్టరమ్మంట అత్తయ్యా! అట్టాగే లోపలికొస్తానంటన్నారు!"

"ఎవురైతే ఏందే? కాళ్ళు కడుక్కోమను!"

చెప్పులు విడిచాను. ఆ అమ్మాయి చెంబుతో నీళ్ళు పోస్తుంటే పెళ్ళి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కాళ్ళు కడుక్కున్నాను. వీడ్కోలు సభలో నాకు కప్పిన శాలువా బీరువాలో ఎక్కడో ఉంది. నాకు జరిగిన సన్మానం మాత్రం ఆ చెంబెడు నీళ్ళే.